వాగు ఎండని ఏడు

బమ్రోలిలో బట్టల మిల్లుల దగ్గర మేం నడిపే మెస్సుకు టేకాకులు తెచ్చే ఆవిడది సోన్‌గఢ్ దాటాక అడవి అంచున ఉన్న ఊరు. వారానికోసారి ఆకుల కట్టలతో బస్సు దిగేది. మిల్లు కార్మికులకు వాటిలోనే వడ్డించేవాళ్లం. ఒక వానాకాలం ఉత్తచేతులతో వచ్చింది. చెట్లకు పురుగు పట్టిందట. ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదట. అడవిలో నిలబడితే పురుగుల రెట్టలు రాలే చప్పుడు చినుకుల్లా వినిపిస్తోందని చెప్పింది.

మేం కాగితం ప్లేట్లకు మారాం. ఆమె రాకపోకలు మాత్రం ఆగలేదు. వచ్చి కాసేపు కూరలు తరిగి, తిని వెళ్లేది. మరుసటేడూ పురుగు వచ్చింది. చాలా చెట్లు మళ్లీ చిగురించలేదు. అయితే దీపావళికే ఎండిపోయే వాగు ఆ ఏడు శివరాత్రికీ పారుతోందని సంబరపడుతూ, చూడ్డానికి మమ్మల్ని పిలిచింది.

వెళ్లాం. మోకాలి లోతు నీళ్లున్నాయి. ఒడ్డున వంగతోట వేసింది. మా ఆయన నీళ్లలోకి దిగి ముఖం కడుక్కుని, “మంచిగున్నది. ఇగ ఎండాకాలం గూడ పంట తియ్యొచ్చు” అన్నాడు. ఆమె మామ మాత్రం గట్టు దిగలేదు. గుట్ట మీది మోడులను చూస్తూ వాళ్ల భాషలో ఏదో అన్నాడు. చెట్లు తాగాల్సిన నీళ్లే ఇవి, తాగేవాళ్లు పోయారు కాబట్టి మిగిలాయి అంటున్నాడని ఆమె నాకు హిందీలో చెప్పి, ముసలాయన మాటలే అంత అన్నట్టు నవ్వింది.

ఆ వంకాయలు రెండుసార్లు మా మెస్సుకు వచ్చాయి. గుట్ట మీద ఎండిన మానులను అటవీశాఖ వాళ్లు కొట్టి లారీల్లో తీసుకుపోయారు. వానలు మొదలవగానే బోడిగుట్ట మీది మట్టంతా వాగులోకి దిగింది. ఒక్క పూటలో వరద వచ్చి, ఆమె తోటను కోసుకుపోయింది. ఆ నీళ్లు నేలలోకి ఇంకనేలేదు. దసరాకల్లా వాగులో ఇసుకే మిగిలింది. ఊరి బావి అడుగు కూడా కనిపించింది.

ఆ చలికాలం భార్యాభర్తలు బమ్రోలికి వచ్చేశారు. అతను మిల్లులో చేరాడు. ఆమె మా దగ్గర రొట్టెలు చేస్తోంది. మా తెలుగు పట్టుబడినా, నన్ను అక్కా అనకుండా వాళ్ల తీరున ‘బెన్’ అనే పిలుస్తుంది. మామ రానన్నాడు. గుట్ట మీద కొత్తగా నాటిన మొక్కలకూ అదే పురుగు పట్టిందని ఫోన్లో చెప్పాడట. ఆ తర్వాత ఆమె వాగు సంగతి అడగడం మానేసింది.

మొన్న పిండి కలుపుతుంటే, వానలు బాగా పడితే ఊరికి వెళ్తావా అని అడిగాను.

“వాగు ఎండిన ఏడు గూడ వానలు మంచిగనే పడ్డయ్, బెన్” అంది.

ఆమె పిండి మీద తడిగుడ్డ కప్పి, పొయ్యి వెలిగించడానికి లేచింది.