ఎల్మా కాంగస్ ఎంచుకున్న మంచు బండి

ఎల్మా కాంగస్ అరవై దాటాక మొదటిసారి మంచు తోసే బండి స్టీరింగు పట్టుకుంది. అంతవరకూ అది ఆమె భర్త రెయినో పని. ఎల్మా బడిలో వంటమనిషి. పిల్లలు వచ్చేసరికి వంట సిద్ధంగా ఉండాలి గనుక చీకటితోనే బయల్దేరేది. ఆమె కోటు తొడుక్కుని గుమ్మం దాటేసరికి, కొండ మీది వాళ్ళ ఇంటినుంచి కింద రోడ్డుదాకా దారి శుభ్రంగా తెరిచి ఉండేది. అదెలా తెరుచుకుంటోందని ఎన్నడూ ఆలోచించలేదని ఆమే పొరుగునున్న నాతో చెప్పింది. "కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి చూడు, అదీ అలాగే అనుకున్నాను" అంది.

తర్వాత రెయినోకి చూపు తగ్గింది. ఎదుటి మనిషి చెవులు కనిపించేవి, ముఖం కనిపించేది కాదు. బండి నడపొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. రెయినో రోడ్డెక్కడం మానేశాడు గానీ మంచు తోయడం మానలేదు. "నా పెరట్లో నన్నాపే పోలీసెవడు?" అనేవాడు. దారి గుర్తుంది కదా అని గుర్తుతోనే తోసుకుంటూ పోయాడు. మార్చి నెలలో ఒకనాడు, ఆవిరి స్నానం చేసే సౌనా గది మూలకి గుద్దేశాడు. లోపల పొయ్యి పక్కకి ఒరిగింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తినేసిన బండి చట్రం ఆ దెబ్బకి రెండుగా విరిగింది.

ఎల్మా బండి తాళంచెవులు తీసి తన చేతిసంచిలో వేసుకుంది. రెయినో ఆ రోజునుంచి వేసవి అంతా ముభావంగా ఉన్నాడు. పిలిస్తే పలికేవాడు, అంతే.

సెప్టెంబరులో రెయినో తమ్ముడు వెయికో వచ్చాడు. నిసు అనే తీపి రొట్టె కాఫీలో ముంచుకుంటూ, "వదినా, మంచు తోసే ట్రాక్టరువాణ్ణి మాట్లాడేసుకో. నీకెందుకీ గొడవ?" అన్నాడు.

"ట్రాక్టరువాడు ఎప్పుడొస్తాడు?"

"మన వంతు వచ్చినప్పుడొస్తాడు. మధ్యాహ్నంలోపు."

"మధ్యాహ్నానికి పిల్లలు భోంచేసి ఆడుకుంటుంటారు. నేను పొద్దున్నే ఎలా దిగను? జారుడుబల్ల మీదనా?" అంది ఎల్మా. "నాకు బండి కావాలి. నేనే తోసుకుంటాను."

వెయికో నవ్వాపుకోలేక రొట్టె ముక్క కాఫీలో జారవిడిచాడు. అయినా బండి కొనడమంటే అతనికి పండగే. మర్నాటినుంచి తనే ముందు నడిచాడు.

మొదట చూపించింది నాలుగు తలుపుల డీజిలు బండి. కొత్తది, నల్లగా మెరుస్తోంది. ఎక్కాలంటే మెట్టు కావాలి. వెయికో దాని చుట్టూ పెళ్ళికొడుకు చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. "ఇదీ బండంటే! ఎంత మంచైనా పిండిలా ఎగిరిపోతుంది" అన్నాడు. ఎల్మా అమ్మకందారుతో, "దీన్ని ఒకసారి మా ఇంటికి తీసుకెళ్ళి తిప్పి చూస్తాను" అంది. అతను ఒప్పుకుని పక్కన కూర్చున్నాడు. వాళ్ళ పెరట్లో ఒకవైపు బావి గది, ఇంకోవైపు సౌనా గది, మధ్యలో తిప్పుకోడానికి ఉన్నది కొంచెం చోటు. ఆ నల్ల బండి ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ ఊగి, చివరికి బావి గది చూరు గీరుకునే దాకా వచ్చింది.

ఎల్మా ఇంజను ఆపేసింది. "ఇంకొంచెం పొడవుంటే ఇందులో ఆదివారం ప్రార్థన కూడా పెట్టుకోవచ్చు. మంచు మాత్రం తోయలేను" అంది.

రెండోది తేలికైన చిన్న పికప్. ఎర్రది, ముద్దుగా ఉంది. పెరట్లో చక్కగా తిరిగింది. ఎల్మాకి నచ్చేసింది కూడా. కానీ ఊరికే వదలలేదు.

"ముందు తగిలించే మంచు పలక బరువెంతుంటుంది?" అని అడిగింది.

"చిన్న పలకే గదమ్మా. ముగ్గురు మగాళ్ళంత ఉంటుందేమో" అన్నాడు అమ్మకందారు.

"అయితే ముగ్గురూ ఎక్కండి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె వెయికోని, అమ్మకందారుని, అప్పుడే ఉత్తరాలు పంచడానికి వచ్చిన నన్నూ ముందు బంపరు మీద కూర్చోబెట్టింది. బండి ముక్కు గడ్డి మేసే ఆవులా కిందికి వాలింది. ఎల్మా వంగి చక్రాల మీద ఎంత సందు మిగిలిందో చూసింది. "మీరు నవ్వుతుంటేనే ఇంత ఊగుతోంది. పలక గడ్డకట్టిన మంచుని గుద్దితే ఇరుసు నిలుస్తుందా?" అంది. ముగ్గురం దిగాం. నా ఉద్యోగంలో అంతకుముందెన్నడూ తూకంరాయిగా పనిచేయలేదు.

మూడో బండి కోసం వెయికో రాలేదు. దాని వయసు, రంగు విని అలిగాడు. అది పక్క ఊరి శ్మశానంవాళ్ళు అమ్మకానికి పెట్టిన పాత పికప్. ఒక్క వరస సీటు, వెనక పొట్టి తొట్టి, బరువు మోసే గట్టి స్ప్రింగులు. లోపల తివాచీ లేదు, రబ్బరు చాపే. పలకని ఎత్తే మీటలు లావు చేతిజోళ్ళు వేసుకుని కూడా పట్టుకోవచ్చు. సమాధుల మధ్య సందుల్లో తిరిగిన బండి గనుక ఎల్మా పెరట్లో అలవాటైనదానిలా తిరిగింది. కానీ పాతది. మునుపటి బండి విరిగింది తుప్పుకే కదా.

ఆమె ఇంటికి వచ్చి రెయినోతో, "కోటేసుకో. దాని కింద దూరి చూడాలి" అంది.

"చూడ్డానికి నాకు కళ్ళెక్కడున్నాయే?"

"చేతులున్నాయిగా. సుత్తి కూడా తెచ్చుకో."

రెయినో ఆ బండి కింద వెల్లకిలా దూరి, చట్రాన్ని ముందునుంచి చివరిదాకా వేళ్ళతో తడుముతూ, సుత్తితో కొడుతూ పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. శ్మశానం కాపలాదారు విసుక్కుంటే ఎల్మా అతనికి తను తెచ్చిన, మాంసం కూరి కాల్చిన పాస్టీ ఒకటిచ్చి మాటల్లో పెట్టింది. చివరికి రెయినో జుట్టునిండా మట్టితో బయటికి వచ్చాడు.

"వెనక ఎడమపక్క ఒకచోట మెత్తగా ఉంది, పట్టీ వేయించాలి. మిగతాదంతా ఖంగుమంటోంది. తీసుకో" అన్నాడు. మార్చి తర్వాత అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం అదే.

ఊళ్ళో అందరూ దాన్ని శ్మశానం బండి అన్నారు. "నీ బండి ఎదురొస్తే టోపీ తియ్యాలా వదినా?" అని వెయికో ఏడిపించేవాడు.

నవంబరులో మొదటి మంచు పడింది. ఎల్మా తోసిన తీరు చూసి నవ్వనివాడు లేడు. ఉత్తరాల పెట్టె విరిగింది. దారి వంకరగా వచ్చింది. రెయినో వంటింటి కిటికీ తెరిచి అరిచాడు: "ఏమే, ఎక్కడ ఆపేస్తున్నావు?"

"అంచు దగ్గర!"

"అంచు దాటించి అవతలికి నెట్టు! ఇప్పుడే ఇక్కడ గోడ కడితే జనవరి మంచు ఎక్కడ పెడతావు? పొంత కుండలోనా?"

ఎల్మా బండి దిగి కిటికీ కిందకి వచ్చింది. చలికి, కోపానికి ముఖం ఎర్రగా ఉంది. "అక్కడ కూర్చుని పాఠాలు చెప్పడం కాదు. వచ్చి పక్కన కూర్చో!" అంది.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అతను బూట్లు తొడుక్కున్నాడు. ఆ రోజునుంచి ఇద్దరూ కలిసే తోసేవారు, మధ్యలో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని. గులకరాళ్ళు గీరుకుంటే అతనికి వెంటనే తెలిసేది. "పలక ఎత్తు. ఇంకో వేలెత్తు" అనేవాడు. ఇంజను మూలిగితే, "కొంచెం కొంచెంగా తీసుకో, అంతా ఒక్కసారి మింగకు" అనేవాడు. వాళ్ళు దెబ్బలాడుకోవడం మా ఇంటిదాకా వినిపించేది. ఆ దెబ్బలాట వినడం మాకందరికీ హాయిగానే ఉండేది.

ఫిబ్రవరిలో ఊరి పక్కనున్న సరస్సు మీంచి గాలి రోజుల తరబడి ఆగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆర్విల్ పెల్టో ఇంటి పొగగొట్టం అంటుకుంది. ఆర్విల్ ఒంటరి మనిషి, కాంగస్ ఇంటికి పైన, కొండ కొసన ఉంటాడు. ఉత్తరాలు పంచని వేళల్లో నేను మా ఊరి అగ్నిమాపక బండి తోలుతాను. ఆర్విల్ దారి మొదట్లోకి వచ్చేసరికి మా బండి కూరుకుపోయింది. మంచు నడుం లోతుంది. ప్రభుత్వం మంచు యంత్రం ఎక్కడో కొండకి అవతల ఉందని రేడియోలో చెప్పారు.

మేము పారలు తీస్తుండగా వెనకనుంచి పసుపు దీపం తిరుగుతూ కనిపించింది. శ్మశానం బండి. ఎల్మా అద్దం దించి, "పక్కకి తప్పుకోండి. నా వెనకే రండి" అంది. రెయినో అవతలి అద్దంలోంచి తల బయట పెట్టి ఉన్నాడు.

అంతా తెలుపే. ఆమెకి తన బండి ముక్కు కనిపించడం లేదు. రెయినో ముప్పై ఏళ్ళపాటు ఆర్విల్ దారి కూడా తోశాడు, డబ్బు తీసుకోకుండా. దేవదారు చెట్లలో గాలి ఏ పక్కనుంచి హోరెత్తుతోందో విని, "ఎడమకి. ఇంకా. ఇప్పుడు తిన్నగా" అని చెబుతూ పోయాడు. మేము ఆమె వెనక ఎర్ర దీపాలని పట్టుకుని పాకుతున్నాం.

సగం దూరంలో ఆ ఎర్ర దీపాలు ఆగిపోయాయి. ఎల్మా కిందికి దిగింది. అక్కడ జరిగింది తర్వాత ఆమే చెప్పింది. రెయినో కుడికి తిప్పమన్నాడట. ఆమె చేతులు మాత్రం తిప్పలేదట. బండి అప్పటికే ఒక పక్కకి వాలుతున్నట్టు నడుముకి తెలిసింది. "తిప్పవే!" అని అతను అరిచాడు. ఆమె పార తీసుకుని కుడిపక్కకి నడిచి, మంచులో పొడిచి చూసింది. పార పిడిదాకా దిగిపోయింది. అది నీటి గండి. గాలి పేర్చిన మంచుగుట్ట చెట్ల హోరుని పక్కకి మళ్ళించి రెయినోని మోసం చేసింది. కుడికి తిప్పి ఉంటే రెండు బండ్లూ కిందికి పోయేవి.

ఆమె వచ్చి కూర్చుంది. "గండి ఉంది" అంది.

 రెయినో తల లోపలికి లాక్కుని అద్దం ఎత్తేశాడు. "ఇక నీ చేతులు చెప్పినట్టే పో" అన్నాడు.

అక్కడినుంచి కొండ కొసదాకా ఆమె ఒక్కతే తోసింది. కొంచెం తోసి, వెనక్కి వచ్చి, మళ్ళీ తోసి. మేము చేరేసరికి ఆర్విల్ మంచులో నిలబడి ఇంటికేసి పారతో మంచు ఎత్తి విసురుతున్నాడు. కప్పులో ఒక భాగం పోయింది. ఇల్లు దక్కింది. మంట ఆరాక ఆర్విల్ మసి ముఖంతో మా అందరికేసి చూసి, "కాఫీ ఇద్దామంటే మీరు పొయ్యి ఆర్పేశారు" అన్నాడు. కప్పు బాగయ్యేదాకా అతన్ని ఎల్మా తన ఇంట్లోనే పెట్టుకుంది.

శ్మశానం బండి అని ఊళ్ళో ఆ తర్వాత ఎవరూ ఎగతాళి చేయలేదు. వెయికో చివరికి తనే కొనుక్కున్న ఆ పెద్ద నల్ల బండి మరుసటి చలికాలం అతని సొంత పెరట్లోనే అడ్డంగా ఇరుక్కుంటే లాగింది ఎల్మానే. "ఏమయ్యా, టోపీ తియ్యి" అంది. అతను తీశాడు.

రెయినో ఇంకో నాలుగు చలికాలాలు ఆమె పక్కన కూర్చున్నాడు. దారి చెప్పడం తగ్గించి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పడవ మీద పనిచేసిన రోజుల సంగతులు, వాళ్ళ అమ్మ తిట్లు. అవన్నీ తనకి అంతకుముందు తెలియవని ఎల్మా అంది. ఇంట్లో మాట్లాడని మనిషి ఆ సీటు మీద మాట్లాడాడు. ఒక ఏప్రిల్‌లో, మంచు కరుగుతుండగా, నిద్రలో పోయాడు.

ఆ ఏడాది ఆమె బండి అమ్మేస్తుందనుకున్నాం. అమ్మలేదు. బడిలో పని మానుకుంది గానీ తోయడం మానలేదు. తన దారి, ఆర్విల్ దారి, కిందింటి ముసలమ్మ దారి తోస్తుంది. మంచు బండి కొనాలనుకునే కుర్రాళ్ళు సలహా కోసం ఆమె దగ్గరికే వెళతారు. "ఎంత బలమున్న బండి తీసుకోమంటావమ్మా?" అని అడుగుతారు. ఆమె వాళ్ళని ఇంటికి పంపించి, పెరట్లో ఎక్కడ తిప్పుకుంటారో, మంచు ఎక్కడ పోస్తారో నడిచి చూసి రమ్మంటుంది.

నిన్న నా నడుం పట్టేసింది. తెల్లారి లేచేసరికి మా దారి ఇంటిగుమ్మందాకా తోసి ఉంది, మంచు అంతా అంచు దాటించి దూరంగా పోసి ఉంది. ఆమె బండి అప్పుడే మలుపు తిరుగుతోంది. తలుపు తీసి, కాఫీకి రమ్మని కేక వేశాను.

"తలుపు ముయ్యవయ్యా, ఇంట్లో వేడంతా పోతోంది!" అని అరిచి, ఆర్విల్ దారివైపు వెళ్ళిపోయింది.