తొట్టికి కరెంటు కలిపిన రోజు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఓ కొట్లో మా మేనకోడలు స్నానాలగదికి కుళాయిలు ఏరుకుంటుంటే, పక్కన కుర్చీలో కూర్చున్న నేను అక్కడున్న వేడినీళ్ళ తొట్టిని చూస్తూ ఉండిపోయాను. నా ఈడువాళ్ళు నమ్ముతారో లేదోగాని, అలాంటిది ఒకటి డెబ్భైలలోనే మా అత్తవారింటికి వచ్చింది. దాంతోపాటు నాకు ఒక పగ కూడా వచ్చింది.

అప్పటికి పెళ్ళయి ఏడాది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఒక్క మెట్టు దిగాలన్నా కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. వేడినీళ్ళలో కూర్చుంటే మంచిదని డాక్టరు చెప్పగానే, మామగారు పోయాక ఇంటికి పెద్దదిక్కయి మాతోనే ఉంటున్న ఆయన తమ్ముడు, మా చినమామగారు, మూతబడిన ఏదో ఆసుపత్రి నుంచి పాత ఇనపతొట్టినీ దాన్ని వేడిచేసే కరెంటు డబ్బానూ లారీలో వేయించుకొచ్చారు. ఆయనకు రేడియోలు విప్పి బిగించడం వచ్చు. ఆ కాస్తకే ఇంట్లో అందరికీ ఆయన ఇంజనీరు.

డబ్బాకు మూడు వైర్లున్నాయి, మా గోడల్లో రెండే. ఆయన ఆకుపచ్చ వైరును మొదలంటా కోసేసి మిగిలిన రెంటినీ కలుపుతుంటే, అది కరెంటును భూమిలోకి పంపే ఎర్తు వైరనీ, అది లేకపోతే పాత డబ్బాలో ఎక్కడ చెమ్మ చేరినా కరెంటు తొట్టికీ నీళ్ళకీ పాకుతుందనీ నెమ్మదిగానే చెప్పాను.

"ఆ పాఠాలు నీ బళ్ళో చెప్పుకో, నా దగ్గర కాదు," అన్నారు తలెత్తకుండా. మా ఆయన పేపరు దించలేదు.

మర్నాడు పొద్దున తొట్టి నింపారు. అత్తగారు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నాకు ఇంకేమీ తోచలేదు. మెయిను ఆపి, పింగాణీ ఫ్యూజులు రెండూ పీకి కొంగున ముడేసుకుని, బోర్డు కింద స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మే నెల, ఫ్యాన్లు ఆగిపోయాయి. చినమామగారు పెట్టిన కేకలకు ఎదురింటివాళ్ళు అరుగుమీదికొచ్చారు. లేవకపోతే పాస్టరుగారిని పిలిపిస్తానన్నారు, పుట్టింటికి పంపిస్తానన్నారు. "మా అమ్మ నొప్పితో చస్తుంటే నీకు పంతమా?" అని మా ఆయన అరిచాడు. అన్నిటికంటే అత్తగారి మాటే గుచ్చుకుంది: "నేను లేచి తిరగడం నీకిష్టం లేదే!" నేను ఏడుస్తూనే ఉన్నాను గాని లేవలేదు. వైరుమాన్ని పిలిచి చూపించండి, తప్పు నాదైతే ఈ గుమ్మంలోంచే వెళ్ళిపోతానన్నాను. నలుగురిలో నన్ను చులకన చేయొచ్చని కాబోలు, చినమామగారు స్వయంగా వెళ్ళి వీధి చివర వైరుమాన్ని వెంటబెట్టుకొచ్చారు.

అతను ఎవర్నీ తొట్టి దగ్గరికి రానివ్వకుండా, నా దగ్గర ఫ్యూజులు తీసుకుని పెట్టి, మెయిను వేసి, ఒక బల్బుకున్న రెండు వైర్లలో ఒకటి తొట్టి అంచుకూ, రెండోది పెరట్లో భూమిలోకి దిగిన బోరింగుపంపు గొట్టానికీ ఆనించాడు. బల్బు భగ్గున వెలిగింది.

"అమ్మగారు ఇందులో కాలెట్టుంటే ఇక లేచేవారు కాదండీ," అన్నాడు.

చినమామగారు, "డబ్బా పాతది, నేనేం చేస్తాను," అని కండువా దులిపి వెళ్ళిపోయారు. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. మగవాడి పరువు వీధిలో పెట్టిందని అత్తగారు నెలరోజులు సాధించారు. అయితే వైరుమాను గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు వేసి, డబ్బా బాగుచేశాక, ఆవిడ ఎన్నడూ నన్ను అడగకుండా ఆ తొట్టిలో దిగలేదు. "నువ్వు చూశావా?" అనేవారు మొహం అటు తిప్పుకుని.

చినమామగారు మాత్రం ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి బయట అందరికీ వరసగా వందనాలు చెప్పుకుంటూ వచ్చి, నా దగ్గరికి రాగానే చేతులు దించేసేవారు. నేనూ దించేసేదాన్ని. ఆయన పోయేదాకా అలాగే గడిచింది.

ఇప్పుడు ఇళ్ళల్లో కరెంటు నీళ్ళలోకి పాకితే గోడలో చిన్న మీట దానంతటదే పడి కరెంటు ఆపేస్తుంది. ఎవరూ ఎవర్నీ ఎదిరించక్కర్లేదు, ఎవరి పరువూ పోదు. మంచిదే. ఆ మీట అప్పుడే ఉండి ఉంటే, ఆయనా నేనూ ఒకే ఇంట్లో అన్నేళ్ళు పరాయివాళ్ళలా బతికేవాళ్ళం కాదేమోననిపిస్తుంది.