ఇస్త్రీ చొక్కాతో గాజువాక దాకా

ఎనభైల మొదట్లో మల్కాపురంలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. కృష్ణా జిల్లా నుంచి ఇంజనీరింగు డిప్లొమా పట్టుకుని వచ్చి, రేవుకి దగ్గర్లో ఒక వర్క్‌షాపులో చేరాను. వారంలో ఆరు రోజులు పనిలో గడిచిపోయేవి. ఆదివారమే గడిచేది కాదు. బట్టలు ఉతకడం, గది ఊడవడం, కిరసనాయిలు స్టౌ వత్తులు సరిచేయడం, చెప్పులు తుడవడం. ఎంత నెమ్మదిగా చేసినా ఇవన్నీ ఎండెక్కకముందే అయిపోయేవి. ఆ తర్వాత మర్నాడు పనిలోకి వెళ్లేదాకా నోరు తెరిచి మాట్లాడాల్సిన అవసరమే ఉండేది కాదు.

అందుకే గాజువాకలో ఒక కుటుంబం ఆదివారాలు భోజనానికి రమ్మన్నప్పుడు, బస్సు ఉన్నా నడిచే వెళ్లేవాణ్ణి. నడిస్తే పొద్దు కొంత కరుగుతుంది. బస్సెక్కితే ఇస్త్రీ చొక్కా నలిగిపోతుంది కూడా.

మా సందు చివర మురుగుకాలవ మీద పరిచిన సిమెంటు పలకలే ఫుట్‌పాత్. వాటిలో ఏవి కదులుతాయో నా కాళ్లకు తెలుసు. తర్వాత రిఫైనరీ గోడ. దాని పక్కన నడిచినంతసేపూ ముక్కులో గ్యాసు వాసన, పైన గొట్టం చివర పట్టపగలు కూడా ఆరని మంట. గోడ అయిపోయాక శ్రీహరిపురం బజారు. అక్కడ ఫుట్‌పాత్ చేపల తట్టలది, బిందెలది. మనుషులు రోడ్డు మీద నడవాలి. బజారు దాటాక కాస్త దుమ్ము, మళ్లీ ఇళ్లు, టైలరు కొట్లు, కలప అడితి, గాజువాక. రెండు ఊళ్ల మధ్య జనం లేని చోటు దాదాపు లేదు. అంత జనంలో నన్ను పలకరించేది ఒక్కడే, శ్రీహరిపురంలో సోడాకొట్టు అతను.

"ఏటి బావా, మళ్లీ ఇస్త్రీ సొక్కా ఏసీసినావు? పెళ్లిసూపులకా?"

"కాదు, భోజనానికి."

"బోజనానికి ఇస్త్రీ ఎందుకు బావా? పప్పన్నం సొక్కాకి పెడతారేటి?"

ఆ మాట అతను ప్రతి వారం అనేవాడు. ప్రతి వారం తనే నవ్వేవాడు. అక్కడ మగవాళ్లు ఒకరినొకరు బావా అనుకోవడం మామూలే. మా వైపు ఆ మాటకి చుట్టరికం ఉండాలి.

గాజువాకలో ఉన్నాయన మా నాన్నకు తెలిసినవాడు, మా వాళ్లే. స్టీల్‌ప్లాంటు కట్టుబడిలో సూపర్‌వైజరు. భార్య, ఒక్కగానొక్క కూతురు. మొదటి రోజు గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి ఏమని పిలవాలో క్షణం ఆలోచించాను. ఇంట్లో ఈడొచ్చిన అమ్మాయి ఉన్నప్పుడు మొదటి రోజే అత్తయ్యగారూ అంటే ఏదో ఆశపడి వచ్చినట్టుంటుంది. మా చదువులో, బరువు ఎంతో సరిగ్గా తెలియనప్పుడు లెక్కకంటే కాస్త లావు కడ్డీ వేయమని నేర్పుతారు. నేనూ అదే జాగ్రత్త పడ్డాను.

"నమస్కారం పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. "రా బాబూ. అమ్మాయ్, అన్నయ్యగారికి మంచినీళ్లు తీసుకురా," అని లోపలికి కేకేసింది.

ఆ మాట వల్లే ఆ ఇంట్లో నాకు చనువు దొరికింది. మరో కుర్రవాడైతే అమ్మాయి తలుపు చాటునుంచి ఇవతలికి వచ్చేది కాదు. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఇవాళ దారిలో ఏం చూశారు?" అని అడిగేది. ఆమె ఒంటరిగా సందు దాటి వెళ్లడానికి వీల్లేదు. నేను వరసగా చెప్పేవాణ్ణి. చేపలావిడ మీద అలిగి తట్ట ముందునుంచి కదలని పిల్లి. సినిమా పోస్టరు తలకిందులుగా అంటించి, జనం నవ్వితే నిచ్చెన మీంచే వాళ్లను తిట్టిన మనిషి. ఆమె మధ్యలో ఆపి, "పిల్లి ఏ రంగు?" అనేది. చూసుకోలేదని చెప్పాల్సి వస్తే సిగ్గేసేది. తర్వాత నుంచి రంగులు కూడా చూసుకుంటూ నడిచాను.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఆమెకు చెప్పడానికే నడుస్తున్నానని ఒకరోజు రిఫైనరీ గోడ పక్కన తెలిసింది. నడక ఆపి, గోడకేసి చూస్తూ నిలబడిపోయాను. పిన్నిగారి కూతురు చెల్లెలవుతుంది. ఇప్పుడు మాట మార్చి అత్తయ్యగారూ అంటే, ఇన్నాళ్లూ చెల్లెలి వరస అడ్డం పెట్టుకుని ఎదుట కూర్చున్నాననే కదా వాళ్లనుకుంటారు! మార్చకపోతే జన్మంతా అన్నయ్యనే.

కొన్ని వారాలు ఏ వరసా పెట్టకుండా, ఉత్త అండీలతో నెట్టుకొచ్చాను. ఆవిడ కనిపెట్టేసింది.

"ఏంటోయ్, ఈమధ్య పిన్నిగారూ అనటమే మానేశావు? పులుసులో ఉప్పెక్కువైందా?"

ఉండబట్టలేక సోడాకొట్టు అతనికి చెప్పాను. సీసా పట్టుకుని అలాగే విన్నాడు.

"దానికింత ఇదైపోతావేటి? పిన్నన్న నోటితోనే అత్తా అను. నాను నిన్ను బావంటన్నాను, నా సెల్లినేమైనా నీకిచ్చీసినానా?"

"నీకు చెల్లెలుందా?"

"నేదు. ఉంటే నిన్ను బావంటానేటి!"

మళ్లీ తనే నవ్వి, గొంతు తగ్గించాడు. "ఎల్లు బావా. ఇయాల సెప్పీ. ఆలస్యం సేత్తే ఎవుడో ఎగరేసుకుపోతాడు."

ఆ రోజు మిగతా దారంతా పెదవులు కదుపుతూ నడిచాను. అత్తయ్యగారూ, బాగున్నారా. అత్తయ్యగారూ, మంచినీళ్లిప్పించండి. నీళ్లది తేలిగ్గా ఉంది, దాన్నే ఖాయం చేసుకున్నాను.

ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతిలో బెల్లం ముక్క.

"నోరు తెరు బాబూ. అమ్మాయికి సంబంధం కుదిరింది. పిల్లాడికి భిలాయిలో ఉద్యోగం."

బెల్లం నోట్లో పెట్టేసింది. మాట్లాడటానికి లేకపోయింది. ఆవిడే అందుకుంది. "నాకు మగపిల్లలు లేరని తెలుసుగా. పెళ్లిలో దాని దోసిట్లో పేలాలు పోయడానికి అన్నదమ్ములెవరయ్యా అంటే, మీ బాబాయిగారూ నేనూ ఒకేసారి నీ పేరే అనుకున్నాం. పోస్తావుగా?"

"అలాగే పిన్నిగారూ," అన్నాను. అన్ని వారాలు బిగబట్టిన మాట అంత సులువుగా వచ్చేసింది.

భోజనాల దగ్గర అమ్మాయి బయటికి రాలేదు. దారిలో ఏం చూశానని ఎవరూ అడగలేదు. నిజానికి ఆ రోజు ఏమీ చూడలేదు.

పెళ్లి వాళ్ల సందులోనే పందిరి వేసి చేశారు. పురోహితుడు చెప్పినప్పుడు చాటలోంచి పేలాలు తీసి ఆమె దోసిట్లో పోశాను. ఒక్క గింజ కింద పడనివ్వలేదు. ఆమె తలెత్తలేదు. ఆమె మనసులో ఏముందో నాకు అప్పుడూ తెలియదు, తర్వాతా తెలియలేదు.

పిన్నిగారు ఆదివారాలు మానొద్దంది. మానలేదు. ఇంట్లో ముగ్గురమే, పీట గోడకి ఆనించి ఉండేది. తిని, కాసేపు ఫ్యాను కింద కూర్చుని, తిరిగి నడిచేవాణ్ణి. అలా తిరిగొస్తున్న ఒక మధ్యాహ్నం కలప అడితి గుమ్మంలో మేక ఈని ఉంది. అలవాటు చొప్పున ఆగి చూశాను, చెప్పాల్సిన వాక్యాలు సర్దుకున్నాను. శ్రీహరిపురం దాకా అవి నోట్లోనే ఉన్నాయి.

"అడితి దగ్గర మేక ఈనింది," అన్నాను సోడాకొట్టు దగ్గర ఆగి. "రెండు పిల్లలు. ఒకటి నల్లది."

"మేకీనితే నాకేటి బావా? సోడా కొట్టమంటావా, వొద్దా?"

"కొట్టు."

సీసా నా చేతికిచ్చి, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, నా చొక్కాకేసి కాసేపు చూశాడు.

"ఇంతకీ రెండోది ఏ రంగేటి?" అన్నాడు.