గద్దె జబ్బు

జనగామ ధాన్యం గంజ్‌లో మొలలను జబ్బు కింద ఎవరూ జమకట్టరు. పొద్దస్తమానం గద్దె మీద కూర్చునే షావుకారికి అవి రాకపోతేనే వింత. అందుకే పప్పుల వ్యాపారి ఎల్లేశానికి నెత్తురు పడుతోందని తెలిసి పక్క దుకాణం జగపతి పకపకా నవ్వాడు.

"గిప్పుడు పక్కా సేటువైనవ్ పో!"

చూడకుండానే రోగం తేల్చేశాడు మహానుభావుడు! కారం మానమన్నాడు, తాను పూసుకునే మలామే ఇచ్చాడు. ఎల్లేశం ఏడాదిగా అదే పూస్తున్నాడు. నెత్తురు ఆగలేదు సరికదా, మనిషి సగమయ్యాడు. దొడ్డికి వెళ్లొచ్చిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపించేది.

భార్య సుమిత్ర దవాఖానకు పదమంటే, "ఎవడో డాక్టర్ ముందట బట్టలిప్పాల్నా?" అని కసిరేవాడు. ఇంతలో సకల జనుల సమ్మె వచ్చి బస్సులు ఆగాయి. మంచి సాకు దొరికింది. "ముందుగాల తెలంగాణ రానీ, నా సంగతి తర్వాత" అంటూ దీక్షా శిబిరంలో పళ్లు బిగబట్టి కూర్చునేవాడు. ఏం మొండితనమో! ఒకనాడు అక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు.

బస్సులు నడవగానే సుమిత్ర వరంగల్ తీసుకుపోయింది. డాక్టర్ ఎడమ పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టకు ముడవమని, తొడుగు వేసుకున్న వేలితో పరీక్షించాడు. దీపమున్న చిన్న గొట్టంతోనూ చూశాడు. ఎల్లేశం సిగ్గుతో చచ్చిపోయాడు. అంతా కలిపి టీ తాగినంత సేపు పట్టలేదు.

"లోపలి మొలలైతే మెత్తగుంటయి, వేలికి తెలువయి. గిది గట్టి గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపాలె. నాకైతే క్యాన్సర్ అనుమానమే. ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా?"

"మా బాపు మొలలతోనే పోయిండు సార్. ఎండుకపోయి పోయిండు."

"మొలలని ఎవరు చూసి చెప్పిన్రు?"

"గంజ్ల అందరు అన్నరు."

డాక్టర్ చీటీ రాయడం ఆపాడు. "మొలలతోని మనిషి గట్ల ఎండుకపోడు. నీకు పిల్లలున్నరా?"

"ఒక్కడే కొడుకు, అభిలాష్. హైదరాబాద్ల సదువుతుండు."

"గా పిల్లగానికి గూడ పరీక్ష చెయ్యాలె."

బయటికొచ్చి ఎల్లేశం గోడకు ఆనుకున్నాడు. తన చావు భయం ఎటు పోయిందో! కొడుక్కి ఫోన్ చేశాడు.

"బిడ్డా, దొడ్డికి పోతె నీకెప్పుడన్న నెత్తురు పడ్డదా?"

అటునుంచి తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"నీకెవరు చెప్పిన్రు బాపు?" అన్నాడు అభిలాష్.