మ్యాపులో లేని చెలమ

ఒడిశా తీరాన ఆర్యపల్లి దారిలో పడవలకు డీజిల్ పోసే ఒక చిన్న బంకు ఉండేది. భూమిలో పాతిన దాని ట్యాంకు అడుగు తుప్పుపట్టి, డీజిల్ ఎన్నాళ్లుగానో ఇసుకలోకి దిగిపోతోందని బయటపడింది. ఆ నేలను శుభ్రం చేసే ప్రణాళిక రాయమని బరంపురంలోని మా ఆఫీసు నన్ను పంపింది. అలాంటి పని అప్పటికే రెండు మూడు చోట్ల చేసి ఉన్నాను. ఆ మాత్రానికే నాకు కళ్లు నెత్తికెక్కాయి.

పంచాయతీ వాళ్లు ఒడియాలో రాసిచ్చిన బావుల జాబితా పట్టుకుని ఒక్కొక్కటే తిరిగాను. సీసాల్లో నీళ్లు నింపాను, మ్యాపు మీద గుర్తులు పెట్టాను. డీజిల్ తాగిన ఇసుకంతా తవ్వి తీసి, వాసన పోయేదాకా ఎక్కడో ఒకచోట పరిచి ఆరబెట్టాలి. సరుగుడు తోట వెనక బావీ బోరూ లేని ఇసుక మేట కనబడింది. ఇంతకన్నా మంచి చోటు దొరకదని పెన్సిలుతో గీత గీసేశాను.

అక్కడికి దగ్గర్లో చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె, నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏటి బాబూ, ఇక్కడేటి ఏస్తారు?”

“బంకు దగ్గర తవ్విన ఇసుకమ్మా.”

“అయ్యో, ఇక్కడే కదా మా సెలమలు! బోరు నీల్లు ఉప్పు. మేం తాగేది ఈ నీల్లే.”

చుట్టూ చూశాను. ఒక్క గుంట కూడా లేదు. ఆ మాటే ఆమెతో అన్నాను.

“తోడుకున్నాక కప్పెట్టెస్తాం బాబూ, కుక్కలు మూతెట్టకుండా. రేపు పొద్దున్నే రా, సూపిస్తాను.”

మర్నాడు పొద్దున ఛత్రపురంలో అధికారుల ముందు ప్రణాళిక పెట్టాలి. జాబితాలో లేనిది చేర్చాలంటే మళ్లీ కొలతలు, మళ్లీ సంతకాలు. “చూద్దాంలే అమ్మా” అని జీపెక్కాను. నిజం చెప్పాలంటే బద్ధకించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ నన్ను ఊరికే అనేది కాదు.

నా ప్రణాళికను మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. ఇసుక కింద పరిచే ప్లాస్టిక్ పట్టా ఎంత మందం ఉండాలో కూడా రాశాను మరి. ఇసుక పోసిన కొన్నాళ్లకే ముసురు పట్టి మూడు రోజులు కురిసింది. పట్టా చిరిగింది, కుప్ప కరిగింది, డీజిల్ కలిసిన నీళ్లు మేటలోకి ఇంకిపోయాయి.

వాన వెలిశాక వెళ్లాను. ఆమె నన్ను మేట పక్కకు తీసుకెళ్లింది. కొబ్బరి చిప్పతో ఇసుక తోడింది. మోకాటి లోతున నీళ్లు ఊరాయి, వాటి మీద రంగురంగుల పొర తేలింది. దోసిట్లోకి తీసుకుని వాసన చూడమన్నట్టు నా ముందు పట్టింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

“నాదే తప్పమ్మా. నువ్వు చెప్పినా వినలేదు” అన్నాను. నా గొంతు నాకే రోతగా వినబడింది.

“అదలా ఉండనీ బాబూ. ఈ సోటు మా అత్త నాకు సూపింది, నాను నా కోడలికి సూపాను. ఇప్పుడు ఎక్కడ తవ్వుకోమంటావో నువ్వే సెప్పు, సదువుకున్నోడివి.”

నాకు తెలియదు. అయినా మ్యాపు తీసి విప్పాను. ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని, నేను చెప్తాననే నమ్మకంతో అలాగే నిలబడింది.