అమ్మ పోలిక అని మురిసిన మూడేళ్లు

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాట్ పక్కనున్న తిండికొట్ల హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళ్లాం. అది నూడుల్స్ అడిగింది. నోట్లో పెట్టుకుంది గానీ అవి తెగడం లేదు. పై పళ్లు, కింది పళ్లు ఒకదానికొకటి ఆనితేనే కదా తెగేది. దాని కింది పళ్లు పై పళ్లకంటే ముందుకు ఉండేవి. రెండు మూడుసార్లు కొరికి చూసి, చివరికి చేత్తో తెంపుకుంది. పక్క బల్ల దగ్గర పిల్లలిద్దరు చూసి నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"చూశావా సునీతా, అచ్చం మా అమ్మే," అన్నాను మా ఆవిడతో.

ఏదో తేడాగా ఉందని నాకు ఆ రోజే తట్టాల్సింది. తట్టలేదు. మా ఆవిడకి తట్టింది. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు చేసింది డాక్టర్లు కాదు, నేను.

మా అమ్మ పేరు వెంకటరత్నం. తణుకు దగ్గర మా ఊరు. నేను డిగ్రీ చదువుతుండగా పోయింది. తర్వాత కంప్యూటర్లు నేర్చుకుని, Y2K పనుల కోసం సింగపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లలో నేనొకణ్ణి. పాప పుట్టగానే అమ్మ పేరే, రత్న అని పెట్టాను. అత్తగారి పేరు నోటితో పలకడం, ఆ పేరు పెట్టి తిట్టడం మా ఇళ్లల్లో లేదు కనుక ఇంట్లో అది అమ్మలు. పెరిగేకొద్దీ ముక్కు వాళ్లమ్మది వచ్చింది, ముందుకొచ్చిన కింది దవడ మాత్రం మా అమ్మది. ఊరు వెళ్లినప్పుడల్లా చుట్టాలు బుగ్గలు పుణికి, "రత్నమ్మే మళ్లీ పుట్టిందిరా," అనేవారు. నేను పొంగిపోయేవాణ్ణి. తల్లి లేనివాడికి అంతకంటే ఏం కావాలి.

ఆ తర్వాతి నెలలో స్కూల్లోనే ఉండే డెంటల్ క్లినిక్ నుంచి ఒక కాగితం వచ్చింది. యాంటీరియర్ క్రాస్‌బైట్ ఉంది, అంటే కింది ముందు పళ్లు పై పళ్లని దాటి వస్తున్నాయి, పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌కి చూపించండి అని. సునీత పట్టుబట్టి అపాయింట్‌మెంట్ తీసుకుంది. డాక్టర్ అరవై ఏళ్ల చైనీస్ ఆవిడ. దవడలకి ఓపీజీ, లేటరల్ సెఫ్ అనే ఎక్స్‌రేలు తీశారు, మణికట్టుకి కూడా ఎక్స్‌రే తీశారు. పళ్లకి చేతి ఎక్స్‌రే ఎందుకని అడిగాను. ఎముకల ఎదుగుదల ఇంకా ఎంత మిగిలిందో అక్కడ తెలుస్తుందట.

"క్లాస్ త్రీ," అంది డాక్టర్. "పై దవడ వెనకబడింది, కింది దవడ ముందుకు వస్తోంది. నౌ షీ ఈజ్ గ్రోయింగ్, సో కెన్ పుల్. నైన్, టెన్ దాకా ఓకే. ఆఫ్టర్ దట్, కెనాట్ లా."

ఫేస్‌మాస్క్ అనే సాధనం చూపించింది. నుదుటికి ఒక మెత్త, గడ్డానికి ఒక మెత్త, రెంటినీ కలుపుతూ కమ్మీ. దాన్నుంచి పై పళ్లకి రబ్బరు బ్యాండ్లు తగిలిస్తే అవి పై దవడని ముందుకు లాగుతాయి. స్కూలుకి పెట్టుకోనక్కర్లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ, నిద్రలోనూ పెట్టుకోవాలి.

తర్వాత అడిగింది, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని. నేను గర్వంగా పర్సులోంచి అమ్మ ఫోటో తీసి ఇచ్చాను. పెళ్లి పందిట్లో తీసింది, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది. కొంగు కింద గడ్డం మాత్రం తెలుస్తుంది. డాక్టర్ దాన్ని చాలాసేపు చూసింది.

"దెన్ షీ విల్ గ్రో లైక్ దిస్, ఫాదర్," అంది.

ఆవిడ హెచ్చరించింది. నాకది దీవెనలా వినిపించింది. "థాంక్యూ డాక్టర్," అన్నాను. అప్పుడు సునీత నావైపు చూసిన చూపు నేను ఈ జన్మకి మర్చిపోను.

ఇంటికి వస్తూ ట్రైన్‌లో పెద్ద గొడవ. "మొక్కై వంగనిది మానై వంగుతుందాండీ? ఆవిడ అంత వివరంగా చెబుతుంటే మీరు ఫోటోలు చూపిస్తారేంటి?" అంది.

"మా అమ్మ ఆ మొహంతోనే యాభై ఏళ్లు హాయిగా బతికింది," అన్నాను.

"కాకి పిల్ల కాకికి ముద్దు. బడిలో పిల్లలకీ ముద్దేనా?"

నా మనసులో మాట బయటికి చెప్పలేకపోయాను. ఆ దవడ సరిచేస్తే మా అమ్మ ఇంకోసారి పోయినట్టు ఉంటుందని నాకు అనిపించింది. పైకి మాత్రం పాలపళ్లన్నీ ఊడనీ అన్నాను, సైన్స్ పార్క్‌లో కొత్త ప్రాజెక్టు అన్నాను, పరీక్షలు అవ్వనీ అన్నాను. సునీత ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. అలా మూడేళ్లు గడిచాయి.

పదకొండో ఏట ఒకరోజు జ్వరంగా ఉండి ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేశాను. అమ్మలు అద్దం ముందు నిలబడి అరచేత్తో గడ్డాన్ని వెనక్కి నొక్కుకుంటోంది. కాసేపు నొక్కడం, వదిలి చూసుకోవడం. నన్ను చూసి ఆగిపోయింది.

"నాన్నా, ఐ డోంట్ వాంట్ నాయనమ్మ ఫేస్," అంది. "కెన్ ఫిక్స్ ఆర్ నాట్?"

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. మర్నాడే అదే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. మళ్లీ మణికట్టు ఎక్స్‌రే. అమ్మలు పెద్దమనిషై అప్పటికి ఆరు నెలలు. డాక్టర్ ఫిల్మ్‌ని వెలుతురుకి పెట్టి చూసి, "లేట్ అల్రెడీ. వియ్ ట్రై, బట్ నో ప్రామిస్," అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ముందు అంగిట్లో, పై దవడని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ పెట్టారు. దాన్ని రోజుకోసారి చిన్న కీతో తిప్పాలి. ఆ పని నేనే చేశాను. తిప్పినప్పుడల్లా దాని కళ్లల్లో నీళ్లు తిరిగేవి, అయినా నోరు తెరిచే ఉంచేది. తర్వాత ఫేస్‌మాస్క్. గడ్డం మీద చర్మం కంది దద్దుర్లు లేచేవి, సునీత కొబ్బరినూనె రాసేది. స్నేహితురాళ్లు ఇంటికి రావడం అమ్మలే మాన్పించేసింది. స్కూలు నుంచి రాగానే ఎవరూ చెప్పకుండా తగిలించుకునేది. ఎనిమిదేళ్లప్పుడైతే బతిమాలి పెట్టాల్సి వచ్చేదేమో. పదకొండేళ్ల పిల్లకి ఎందుకో తెలుసు.

పది నెలలకి ముందు పళ్లు అంచుకి అంచు ఆనాయి. ఆ ఆదివారం సునీత జామకాయ కడిగి ఇచ్చింది. అమ్మలు దాన్ని ముందు పళ్లతో కొరికింది. టప్పున శబ్దం వచ్చింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ.

అది ఏడాది కూడా నిలవలేదు. పదమూడో ఏట అమ్మలు ఇంకాస్త పొడుగు సాగింది, దాంతోపాటు కింది దవడా సాగింది. పళ్లు మళ్లీ తిరగబడ్డాయి. డాక్టర్ సాధనాలన్నీ తీసేసి, "ఎనఫ్. లెట్ హర్ రెస్ట్. ఎదుగుదల ఆగాక, ఎయిటీన్‌లో సర్జరీ," అంది. అమ్మలు ఏడవలేదు. ఇంటికొచ్చి మాస్క్‌ని దాని డబ్బాలో పెట్టి మూత వేసి నాకిచ్చింది.

ఆ వేసవిలో మా పెద్దక్క ఊరి నుంచి వచ్చింది. అమ్మలు యాపిల్‌ని చాకుతో పల్చగా తరుక్కుని, వంటగదిలో అటు తిరిగి తింటోంది. అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మ కూడా అంతేరా," అంది నాతో. "జామకాయ కత్తిపీట మీద తరుక్కుని ఎవరూ చూడకుండా తినేది. పెళ్లిచూపులకి ముందు నెలరోజులు గడ్డానికి గుడ్డ బిగించి కట్టుకుని పడుకుందట, దవడ వెనక్కెళ్తుందని. నాకు చెప్పి ఏడ్చేది."

"నాకెప్పుడూ చెప్పలేదేంటక్కా?"

"మగపిల్లాడివి, నీకేం చెబుతుందిరా. నువ్వెప్పుడైనా అడిగావా?"

పర్సులో ఫోటో తీసి చూశాను. ఇన్నేళ్లూ ఆ కొంగుని సిగ్గు అనుకున్నాను. అమ్మ దాచుకున్నదాన్నే నేను ఆస్తిలా చూసుకుని, నా కూతురికి అంటగట్టాను.

పద్దెనిమిదో ఏట సర్జరీ అయింది. పై దవడ ముందుకి, కింది దవడ వెనక్కి. ఆరు వారాలు జావ, పప్పుకట్టు, మజ్జిగ. ఇప్పుడు అమ్మలుకి పంతొమ్మిది, యూనివర్సిటీలో చదువుతోంది. పళ్లు చక్కగా కలిశాయి, నూడుల్స్ తెగుతాయి. కింది పెదవి ఎడమవైపు మాత్రం ఇంకా స్పర్శ రాలేదు. నరం ఒత్తిడికి గురైంది, రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అన్నం తినేటప్పుడు అక్కడ మజ్జిగ కారినా దానికి తెలియదు. నేను నా పెదవి మీద వేలు పెట్టి చూపిస్తాను, తను తుడుచుకుంటుంది. నన్ను ఏనాడూ నిలదీయలేదు. నవ్వితే మాత్రం చెయ్యి ఇప్పటికీ నోటి మీదికే వెళుతుంది. ఇప్పుడు దాచుకోవడానికి ఏమీ లేదు, అయినా వెళుతుంది.

చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. పిల్లలకి ఏడేళ్లు రాగానే, ఏ తేడా కనబడకపోయినా, ఒక్కసారి ఆర్థోడాంటిస్ట్‌కి చూపించండి. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని డాక్టర్ అడిగితే, ఫోటో తీసి మురిసిపోకండి. ఆ పోలికతో బతికినవాళ్లు మీ ఇంట్లో ఇంకా ఉంటే, వాళ్ల పక్కన కూర్చుని, జామకాయ ఎలా తింటారని అడగండి. నేను మా అమ్మని అడగలేదు.