కాలర్ ఎముక కింద మచ్చ

బర్మాలోని పకొక్కూ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్న న్వె యీకి ఫిల్మంటే ప్రాణం. ఉన్నవి అయిపోతే మాండలే నుంచి మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు మరి. అందుకే ఆడవాళ్లు గదిలో అడుగుపెట్టగానే గదమాయించేది: "జుట్టు నడినెత్తిన ముడేసుకోండి! మీ అందం ఊపిరితిత్తుల మీద పడిందంటే డాక్టరుగారు క్షయ అనుకుంటారు."

పక్కింటి టిన్ ఓన్ దగ్గుకుంటూ వచ్చిన రోజున మాత్రం పట్టు సడలించింది. టిన్ ఓన్ చుట్టల కార్ఖానాలో పనిచేస్తుంది. కొత్త సంవత్సరానికని, అక్కడి ఆచారం ప్రకారం చెట్టు బెరడు నానేసిన నీళ్లతో తలంటుకుని, తడిజుట్టు విరబోసుకుని వచ్చింది.

"ఆరకుండా ముడేస్తే ఏడాదంతా తలనొప్పేనట అక్కా! మా అమ్మ ఒకటే చెప్పేది."

"సరేలే, నీ పిచ్చి నీకానందం. కదలకు. గట్టిగా ఊపిరి పట్టు."

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు. కుడివైపు, కాలర్ ఎముక కింద, మబ్బులాంటి మచ్చ.

"ఇదేంటి?"

"జుట్టండీ. నా కళ్లతో చూశాగా."

"ఇంకోటి తీద్దామా?"

"ఆరు ఫిల్ములే ఉన్నాయండీ. దగ్గంటారా, అది పొగాకు దుమ్ము."

ఆమె మాట మీద ఆయనకు గురి. దగ్గుమందు రాసి పంపేశాడు.

నాలుగు నెలలకు టిన్ ఓన్ నెత్తురు కక్కుతూ వచ్చింది. మచ్చ ఉన్నచోటే ఇప్పుడు ఊపిరితిత్తిలో క్షయ తొలిచిన గుండ్రటి రంధ్రం. న్వె యీ పాత ఫిల్ము వెతికి పక్కన పెట్టుకుంది. జుట్టు నీడైతే పోగులు పోగులుగా ఎముక దాటి మెడ మీదికి పాకాలి. ఇది ఎముక కిందే ఆగిపోయింది. అంత చిన్న సంగతి! తన ఇరవై ఆరేళ్ల అనుభవం ఏ గంగలో కలిసింది? సిగ్గుతో చచ్చిపోయింది.

ఆరు నెలలు మందులు మింగి టిన్ ఓన్ బతికి బయటపడింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా కృతజ్ఞతగా ఊరేసిన తేయాకు గిన్నెనిండా పట్టుకొచ్చి, ఎక్స్‌రే కోసం వరసలో కూర్చున్నవాళ్లందరికీ చాటింది: "నా జబ్బు కనిపెట్టింది ఈ అక్కే! ఈవిడ లేకపోతే నేను లేను."

ఆ పొగడ్త న్వె యీ భరించలేకపోయింది. ఆమెను లోపలికి పిలిచి రెండు ఫిల్ములూ చూపించింది.

"మొదటిదాంట్లోనే ఉందే. జుట్టనుకున్నా. నాకే అంతా తెలుసన్న పొగరు. తిట్టవే నన్ను."

టిన్ ఓన్ తిట్టలేదు.

"ఆ నాలుగు నెలలూ మా అమ్మాయి నా దోమతెరలోనే పడుకుంది అక్కా. పొగాకు దుమ్మేనని నువ్వన్నావుగా. నెలనుంచీ అదీ దగ్గుతోంది."

"రేపే తీసుకురా. పొద్దున్నే..."

"తీసుకొస్తా. ఫోటో మాత్రం ఇంకెవరిచేతనైనా తీయించు."